మిగిలిన కాలము ఎవరిది?

లండనునుండి కేప్ టౌనుకు ఆకాశమార్గమున దూరము సుమారు 9,700 కిలోమీటర్లు. నేడు విమానము నడుమ ఎచ్చటను దిగక, పదకొండున్నర, పండ్రెండు గంటలలో ఈ దూరమును దాటుచున్నది. ప్రయాణము దాదాపు ఉత్తరమునుండి దక్షిణమునకే గనుక, గడియారమును ఒకటి రెండు గంటలకు మించి సవరింప బనిలేదు. మారునది ఋతువు. డిసెంబరు రాత్రి చలిలో విమానమెక్కినవాడు తెల్లవారునప్పటికి వేసవిలో కన్ను తెరచును.

1909లో గాంధీజీ ఇంగ్లండునుండి కేప్ టౌనుకు ఓడలో పోయిరి. ట్రాన్స్‌వాలు భారతీయుల పక్షమున నాలుగు మాసములు లండనులో అధికారులకు విన్నవించి, పని నెరవేరక, నవంబరు 13వ తేదీన ‘కిల్డోనన్ కాసిల్’ అను ఓడనెక్కి 30వ తేదీన గమ్యము చేరిరి. పదునేడు దినములు! అందు మొదటి పది దినములలోనే, ఓడలోని కాగితములపైననే, ‘హింద్ స్వరాజ్’ను గుజరాతీలో వ్రాసి ముగించిరి. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత వ్రాసిరి. వ్రాతప్రతియందలి 275 పుటలలో సుమారు నలువది ఎడమచేతివే.

రైళ్లవలన చెడుగు శీఘ్రముగ వ్యాపించుననియు, మేలు నిదానముగనే నడచుననియు ఆ గ్రంథమున వాదము గలదు. వ్రాసినది మాత్రము ఆవిరి ఓడలో! ఈ వైరుధ్యమును చూపి నవ్వుట సులభము. అంతకంటె కఠినమైన ప్రశ్న వేరొకటి గలదు. ఆనాడు విమానమే యున్నచో ఈ గ్రంథము పుట్టెడిదా?

పుట్టెడిది కాదని వెంటనే చెప్పబోదుము. కాని ఆ ఓడలో ఇతర ప్రయాణికులును ఉండిరి. వారికిని అవే పదునేడు దినములు, అదే సముద్రము. మందగమనము తనంత తాను ఎవనిని ఋషిని చేయదు. ఓడ ఇచ్చినది తీరిక. ఏండ్ల తరబడి లోపల మరగుచుండిన ప్రశ్న ఆ తీరికను పట్టుకొన్నది. ప్రశ్న లేనివానికి తీరిక పేకముక్కలతో సరిపోవును.

వేగమును నిందించుటయు తగదు. కేప్ టౌనులో తల్లి అవసానదశయందున్నదని లండనులోని కుమారునకు వార్త వచ్చినచో, పండ్రెండు గంటలు ఆమె చేయి పట్టుకొననిచ్చును; పదునేడు దినములు సమాధిని మాత్రమే చూపును. అట్టివానితో నిదానపు మహిమను ప్రసంగించుట క్రూరత్వము.

ఐనను అట్టి ప్రయాణములు ఒక్క జీవితమున ఎన్ని? తక్కినవానిలో మిగిలిన పదునారున్నర దినములు ఏమగుచున్నవి? అవి విశ్రాంతిగ మిగులుట లేదు. మరికొన్ని ప్రయాణములుగ మారుచున్నవి. పదునేడు దినములు చెల్లింపవలసినవాడు ఓడ యెక్కుటకు ముందే ‘ఈ పనికి ఇంతటి విలువ గలదా?’ అని తన్ను తాను అడుగుకొనక తప్పదు. పండ్రెండు గంటలవానిని ఆ ప్రశ్న అడుగువారెవరు? దూరముతోపాటు ఆ ప్రశ్నయు చెరిగిపోయినది.

పండ్రెండు గంటలును స్వల్పకాలము కాదు. గాంధీజీ దినమునకు ఇరువదియేడు పుటలకు పైగా వ్రాసిరి. ఆ లెక్కను పండ్రెండు గంటలకు పదుమూడు పుటలు వచ్చును. విమానములో దీపములార్పి, కిటికీల తెరలు దింపుదురు. ఎదుటి చిన్న తెరపై సినిమా నడచుచుండును. క్రింద చీకటిలో సహారా దాటిపోవును.