గురువారం: ఒక రోజు, మూడు పేర్లు

వారంలో ఐదో రోజుకు తెలుగునాట మూడు పేర్లున్నాయి. పంచాంగంలో అది గురువారం. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో బేస్తవారం. కోస్తాలో చాలామందికి లక్ష్మీవారం. మొదటి రెండు పేర్లూ ఒకరివే. బృహస్పతి అన్న మాట జనం నోట అరిగి ‘బేస్త’ అయింది.

ఋగ్వేదంలో బృహస్పతి మంత్రవాక్కుకు అధిపతి. పురాణాల్లో దేవతల గురువు. ‘గురు’ శబ్దానికి బరువైనదనీ, ఉపదేశించేవాడనీ రెండర్థాలు. ఆయన పేరుతో పిలిచే గ్రహం రాశికి సుమారు ఏడాది చొప్పున పన్నెండేళ్లలో ఒక చుట్టు తిరుగుతుంది. సింహంలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యలో ప్రవేశిస్తే కృష్ణకు పుష్కరాలు.

దేవుడు వేదకాలపువాడైనా ఆయన వారం అంత పాతది కాదు. వేదాంగ జ్యోతిషంలో తిథులు, నక్షత్రాలు ఉన్నాయి గాని గ్రహాల పేర్లతో వారాలు లేవు. ఈ పద్ధతి గ్రీకు జ్యోతిషంతో పరిచయమయ్యాక స్థిరపడింది. మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో బుధగుప్తుని కాలపు శాసనం, క్రీ.శ. 484 నాటిది, ‘సురగురువు దినం’ అని పేర్కొంటుంది. భారతీయ శాసనాల్లో వారం పేరు కనిపించే తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

వారాల వరుస వెనక ఉన్న లెక్కను ఆర్యభటీయం చెబుతుంది. మెల్లగా నడిచే గ్రహం నుంచి వేగంగా నడిచే గ్రహం దాకా క్రమం ఇది: శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్ర. రోజుకు 24 హోరలు, ఒక్కో హోరకు ఒక అధిపతి. సూర్యోదయాన మొదటి హోర ఎవరిదో ఆ రోజు వారిది. బుధవారం ఉదయం బుధ హోరతో మొదలవుతుంది. 21 హోరలకు మూడు చుట్లు పూర్తవుతాయి. 22వది మళ్లీ బుధునిది, 23వది చంద్రునిది, 24వది శనిది. మర్నాడు తెల్లవారేసరికి వంతు గురువుది.

లెక్కలో వచ్చిన పేరుకు పవిత్రత ఎలా అబ్బింది? మాటలోని అర్థమే దారి చూపింది. గురుగ్రహానికి శనగలు సమర్పించే రోజునే దక్షిణామూర్తిని, దత్తాత్రేయుణ్ణి, మంత్రాలయ రాఘవేంద్రస్వామిని, షిర్డీ సాయిబాబాను గురుభావంతో కొలుస్తారు. గ్రహం పేరు గురుపరంపరకంతటికీ నీడ అయింది.

లక్ష్మీవారం దారి వేరు. మార్గశిర గురువారాల్లో విశాఖపట్నం కనకమహాలక్ష్మి దగ్గర భక్తులు బారులు తీరుతారు. పైకప్పు లేని గర్భాలయంలో అమ్మవారిని తమ చేతులతో తామే అర్చించుకుంటారు. పొరుగున ఒడిశాలో అవే గురువారాల్లో ఇల్లాళ్లు కొలపాత్ర నిండా కొత్త ధాన్యం పోసి, వాకిట బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు దిద్ది పూజిస్తారు. పంట ఇంటికి చేరిన నెలలో ఇది గింజకు చేసే నమస్కారం.

ఆ రోజుకు గురువు పేరు రావడం గణితం. ఆ రోజున గురువునూ గింజనూ తలచుకోవడం మాత్రం ఏ హోరా విధించింది కాదు. చదువు చెప్పినవారి పట్ల, అన్నం పెట్టినదాని పట్ల మనిషి తనకు తానే పెట్టుకున్న నియమం అది.