రెండవ గండము

అనంతపురము కరవు సీమలో నొక బిడ్డకు క్యాన్సరు సోకగా, తలిదండ్రులు వేరుసెనగ చేను కుదువబెట్టి చికిత్స చేయించి బ్రతికించుకొందురు. ఏండ్లు గడచిన పిమ్మట ఆ బిడ్డకే మరియొక క్యాన్సరు పుట్టినచో ఊరిలో రెండు మాటలు వినబడును. పూర్వజన్మ పాపము వెంటాడినదని కొందఱు, ఆ చికిత్సయే తప్పని కొందఱు. ఈ మాటలు ధర్మసమ్మతములేనా?

ముందు విషయము నెఱుగవలెను. ఇది పాత వ్యాధి తిరుగబెట్టుట కాదు, క్రొత్త వ్యాధి. క్యాన్సరు కణములను చంపు కిరణములును, కొన్ని మందులును మంచి కణములను గూడ గాయపఱచును. ఆ గాయము కొందఱిలో మాత్రము ఏండ్లకు వ్యాధియగును. కొన్ని కంటి క్యాన్సరులలో పుట్టుకతో వచ్చిన లోపమును కారణము. చికిత్స పొందినవారిలో ఎక్కువమందికి ఇది రానే రాదు.

కదిరిలోను, పెన్నహోబిలములోను నరసింహుని సేవించువారు ప్రహ్లాదుని కథ నెఱుగుదురు. ఏనుగులు, పాములు, విషము, అగ్ని: ఒక గండము గడచినంతనే మరియొకటి వచ్చెను. అందువలన ఆ బాలుడు పాపియని ఏ భాగవతుడును అనలేదు. కర్మగతి భగవంతునికే ఎఱుక. దానిని లెక్కగట్టి రోగియైన బిడ్డపై మోపుటకు మనుష్యులకు అధికారము లేదు.

ఇక చికిత్సయే తప్పనువారు పూర్వపు స్థితిని తలపవలెను. ఒకప్పుడు రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డ కొలది నెలలలోనే మరణించెడిది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో రూపొందించిన అమినోప్టెరిన్ అను మందు నిచ్చి, కొందఱు బిడ్డలలో వ్యాధి కొంతకాలము తగ్గెనని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో లోకమునకు తెలిపెను. నేడు మంచి చికిత్స లభించిన చోట్ల ఆ వ్యాధి సోకిన బిడ్డలలో 100కి 80 మందికి పైగా బ్రతుకుచున్నారు. రెండవ వ్యాధి రావలెనన్న మొదటిదానినుండి బ్రతికియుండవలెను గదా!

ఈ సీమయందే యొక నిదర్శనము కలదు. కరవునాడు దప్పిక తీర్చుటకు లోతుగా బోర్లు వేసిరి. కొన్ని యూళ్ళలో ఆ నీటియందలి ఫ్లోరైడు వలన, ఏండ్లుగా త్రాగినవారి పండ్లును ఎముకలును చెడినవి. బోరు వేయుట అధర్మము కాదు. నీరు పడినదని సంతోషించి, పరీక్షింపక విడుచుట దోషము.

కావున తలిదండ్రుల ధర్మము ఆసుపత్రి విడిచిన దినముతో ముగియదు. ఏ మందు ఎంత యిచ్చిరో, కిరణములు ఎచ్చట ఎంత పెట్టిరో వైద్యునిచే వ్రాయించి, ఆ కాగితమును భద్రపఱచి, బిడ్డ పెద్దయైన పిమ్మట చేతికీయవలెను. ఛాతీకి కిరణచికిత్స పొందిన బాలికకు 25వ యేడు వచ్చిన పిదప, లేదా ఆ చికిత్స జరిగి 8 యేండ్లు గడచిన పిదప, ఈ రెండింటిలో ఏది వెనుక వచ్చునో అప్పటినుండి ఏటేట రొమ్ము పరీక్ష చేయింపవలెను. పెండ్లి సంబంధము తప్పిపోవునను భయమున గతమును దాచి పరీక్షలు మాన్పించుట ప్రేమ కాదు, అపచారము.

ప్రహ్లాదుని కాచిన స్వామి తొలి గండముతోనే చేయి తీసికొనలేదు. బిడ్డలను కాచువారు మాత్రమేల తీసికొనవలెను?