ఉబ్బసం ఎవరి పాపం?

మనవడికి ఉబ్బసమని తేలాక చూడ్డానికొచ్చిన చుట్టాల్లో కొందరు "ఏ జన్మలో ఏం చేశాడో" అన్నారు. చదువుకున్నవాళ్లు నా వైపు చూసి "జీన్స్ అండీ" అన్నారు. మా అమ్మకు ఉండేది, నాకుంది, మధ్యలో మా అమ్మాయిని వదిలేసి వీడిని పట్టుకుంది. నాకు రెండు మాటలూ ఒకటే అనిపించాయి: ఎవరో చేశారు, వీడు అనుభవిస్తున్నాడు.

సంస్కృతం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, వాదించకుండా ఊరుకోలేను. ప్రారబ్ధమన్నాక వెనక ఒక కర్మ ఉండాలి, దానికో కర్త ఉండాలి. జన్యువుకు ఆ రెండూ లేవు. చిన్నపిల్లల ఉబ్బసంతో ఓఆర్‌ఎండీఎల్3 అనే జన్యువుకు ముడి ఉందని 2007లో తేలింది. అది ఉండేది 17వ క్రోమోజోమ్ మీద. కణాల్లో స్ఫింగోలిపిడ్లనే కొవ్వుల తయారీకి పగ్గం వేయడం దాని పని. కొందరిలో ఆ పగ్గం కాస్త బిగువు, అంతే. ఇందులో పాపమెక్కడుంది?

ఇంకో కొవ్వు సంగతి మరీ విచిత్రం. ప్రతి కణానికీ ఉండే పొరలోనే అరాకిడోనిక్ ఆమ్లం దాగి ఉంటుంది. పడని పుప్పొడో దుమ్మో తగిలితే దాన్నుంచి ల్యూకోట్రైన్లు పుట్టి శ్వాసనాళాలు బిగుసుకునేలా చేస్తాయి, పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రిపూట వీడు నమిలే మాంటెలుకాస్ట్ మాత్ర, అవి వచ్చి అతుక్కునే చోటును ముందే ఆక్రమిస్తుంది. గ్రహశాంతి చేయిద్దామన్న పిన్నిగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ కాఫీ అడిగింది.

అలాగని జన్యువే నుదుటిరాత అన్నా ఒప్పుకోను. అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అనే రెండు క్రైస్తవ సమాజాలున్నాయి. ఇద్దరి మూలాలూ ఆల్ప్స్ ప్రాంతంలోనే, జన్యువులూ దగ్గర దగ్గర. 2016లో వాళ్ల పిల్లల్ని పోల్చి చూశారు. ఉబ్బసం ఆమిష్‌లలో సుమారు 5 శాతం, హట్టరైట్లలో 21. ఆమిష్ పిల్లలు ఇంటి పక్కనే పశువుల కొట్టాల దుమ్ములో పెరుగుతారు. హట్టరైట్లది యంత్రాల సేద్యం.

చరకసంహిత విమానస్థానంలో ఆత్రేయుడు దైవమూ, పురుషకారమూ అంటే మనిషి ప్రయత్నమూ, ఈ రెండింట్లో బలమైనది రెండోదాన్ని అణుస్తుందంటాడు. బాగుంది. కానీ దైవమంటే పూర్వదేహంలో చేసిన కర్మే అంటాడు చూశారూ, అక్కడ ఆయనకో నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

మా అమ్మాయి మాత్రం ఇంకా "నా నుంచే కదమ్మా వచ్చింది" అంటూనే ఉంది. ఆ వాదన తేలలేదు. వాడి పరుపుకు, దిండ్లకు దుమ్ముపురుగులు చొరబడని కవర్లు తొడగడానికి మాత్రం ఒప్పుకుంది.