కూత వినబడినవాడు



సంక్రాంతి దినములలో మన ములకలపల్లి వైపు పల్లెలలో ముగ్గుపిండితో గీతలు గీసి చెడుగుడు ఆడుదురు గదా. ఆట ముగిసిన పిమ్మట ఎవరి పేరు చెప్పుకొందురు? కూతపెట్టి వెళ్లి ఇద్దరిని ముట్టి వచ్చినవాని పేరే. మూలను నిలిచి ప్రక్కవాని చేయి పట్టుకొనియున్నవాడు ఎవరో జ్ఞాపకమున్నదా?

ఈ ఆటకును ఇప్పుడు వేలము వచ్చినది. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగులో, మన తెలుగు టైటాన్స్ జట్టు 2023 అక్టోబరులో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. అంతవరకు ఆ లీగులో ఎవరికిని అంత వెల పలుకలేదు. అదే నెలలో అతడు నాయకుడుగానున్న భారత జట్టు ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచియుండెను. అయితే ఆ పోటీలలో టైటాన్స్ ఆడిన 22 ఆటలలో గెలిచినవి 2 మాత్రమే. 12 జట్లలో కడపటిది. "వీనికి ఇంత వెలయా?" అని జనులు సణిగిరి. 2025 వేలములో అదే మనుష్యుని తమిళ తలైవాస్ 59 లక్షల 50 వేలకు కొన్నది.

నిదానించి చూడుడి. జట్టు ఓడిన ఆ పోటీలలోనే అతడు కూతకు వెళ్లి 200కు పైగా పాయింట్లు తెచ్చెను. తన వెల తాను వ్రాసికొనలేదు. కొనువారు ఇద్దరు పంతము పట్టిన వెల ఎంత పెరుగునో పశువుల సంత చూచినవారికి చెప్పనక్కరలేదు. ఒక్కని కొన్నయెడల ఏడుగురును దొరికినట్టే అని తలంచినది మనము. మనమే భుజములమీద ఎత్తి, మనమే పడవేసి, దోషము అతనిమీద మోపుట న్యాయమా?

రెండవ అన్యాయము ఇంతకంటె నెమ్మదిగా జరుగును. నలుగురు కలిసి ఒకని పట్టినప్పుడు ఆ పట్టు లెక్కలో ఒక్కని పేరనే పడును. అదియైనను మేలు. మూలనున్నవాడు గట్టిగా నిలిచినందున కూతగాడు ఆ వైపు అడుగే పెట్టలేదనుకొనుడి. ఆ పనికి లెక్కయే లేదు. జరిగినదానిని వ్రాయుటకు పలక యున్నది. జరుగకుండ ఆపినదానిని ఎక్కడ వ్రాయుదుము? యెష్షయి ఇంట సమూయేలంతవాడే మొదట రూపమును ఎత్తును చూచి పొరబడెను, మనమెంత! ఆదివారమున పాట ఎత్తువాని మనమందరము ఎరుగుదుము. తెల్లవారకమునుపే వచ్చి చాపలు పరచువారిని ఎరుగుదుమా?

వచ్చు సంక్రాంతికి గీత ప్రక్కన నిలిచినప్పుడు, కూతను కొంచెముసేపు విడిచి మూలవైపు చూడుడి. అక్కడ ఏమియు జరుగుచున్నట్టు కనబడదు.