లిపికి దోషమున్నదా?

అక్షరం ధ్వనికి గుర్తు మాత్రమే. దేశభక్తిగాని ద్రోహంగాని దాని గీతలలో లేదు. అయినను అక్షరాల ఆకృతిని గురించి రాజ్యాలు ఉత్తరువులు జారీచేసినవి. ఆ బరువును అక్షరంపై మోపినది ఎవరు?

జర్మను భాషకు శతాబ్దాలపాటు రెండు తీరుల అచ్చక్షరాలు ఉండినవి. ఒకటి కోణాలు దేరిన ఫ్రాక్టూరు. రెండవది గుండ్రని లాటిను అక్షరం. మొదటిది స్వజాతిదనీ, రెండవది పరాయిదనీ వాదించినవారు ఎందరో. 1911లో ఈ వివాదం పార్లమెంటు వరకు పోయినది. 1933లో అధికారానికి వచ్చిన నాజీలు మొదట ఫ్రాక్టూరును జాతి ఆత్మకు ప్రతిరూపమని కీర్తించినారు. 1941 జనవరి 3న బోర్మన్ సంతకంతో వెలువడిన ఉత్తరువు అదే అక్షరాన్ని యూదుల అక్షరమని నిందించి వెలివేసినది. ఆ ఉత్తరువు వ్రాసిన కాగితంపై ముద్రితమైన శీర్షిక ఫ్రాక్టూరులోనే ఉన్నది! నిన్నటి దేవత నేడు దయ్యమైనది. అక్షరంలో మాత్రం ఒక్క గీతయు మారలేదు. తరువాతి తరాలకు తాతల పుస్తకాలు చదువుట కష్టమైనది.

అట్లయిన గ్రంథరూపం విషయంలో రచయిత ఉదాసీనుడుగా ఉండవలెనా? ఫ్రాంజ్ కాఫ్కా ఉదాహరణ అట్లు చెప్పదు. చెక్కు భాషీయులు అధికంగా ఉన్న ప్రాగు నగరంలో జర్మనులో వ్రాసిన యూదుడాయన. అక్కడ ఏ భాషలో నోరు విప్పినను ఒక పక్షం వహించినట్లే. 1912లో వెలువడిన తన మొదటి పుస్తకానికి వీలైనంత పెద్ద అక్షరాలు వాడవలెనని ఆయన ప్రకాశకుని కోరినాడు. 1915లో ‘రూపాంతరం’ గ్రంథరూపం పొందునప్పుడు, ముఖపత్రంపై ఆ పురుగును దూరాన ఉన్నట్లుగానైనను చిత్రింపరాదని వేడినాడు. చివరకు ముఖపత్రంపై వెలసినది, సగం తెరచిన తలుపునుండి ముఖం కప్పుకొని తొలగిపోవు ఒక మనిషి బొమ్మ.

ఇరువురును పుస్తకరూపాన్ని శాసింపగోరినవారే. కాని పాలకుడు, పాఠకుడు చదువకముందే అర్థాన్ని నిర్ణయింపజూచినాడు. రచయిత, పాఠకుని ఊహకు చోటు మిగుల్చుటకై ఒక బొమ్మను నివారించినాడు. మొదటివాని ఆజ్ఞ భయంతో అమలైనది; రెండవవాని విన్నపం ఒక పుస్తకానికి మాత్రమే సంబంధించినది.

లిపికి పాపం లేదు, పుణ్యమూ లేదు. దానిని పవిత్రమన్న నోరే దానిని అపవిత్రమనగలదు. కనుక తన అక్షరాన్ని పొగడువాని మాట విన్నప్పుడు కూడ పాఠకుడు ఒక ప్రశ్న వేయవలెను: ఈ పొగడ్త చదువువానికి చోటిచ్చుచున్నదా, లేక చోటు హరించుచున్నదా?