ఆమె ప్రక్కకు ఎవరు జరుగుదురు?

ధ్యానభాగము: రూతు 2:8–17; యోహాను 4:5–30



నలువది యేండ్లు దాటిన తరువాత విడాకులు పొందిన ఒక సహోదరి మన ఊరికి వచ్చినదనుకొందము. ఆదివారమున ఆమె గుడిలో చాపమీద ఒక మూలను కూర్చుండును. ఆమె ప్రక్కకు ఎవరు జరుగుదురు? ఇది చిన్న ప్రశ్నవలె తోచును గాని, మన విశ్వాసము ఎట్టిదో ఇచ్చటనే తేలును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఇట్టివారు లేకపోలేదు. భర్త గల్ఫు దేశమునకు పోయి, ఏండ్ల తరబడి దూరమై చెదరిన కాపురములున్నవి. త్రాగుడు చెరిపిన కాపురములున్నవి. చట్టము కూడ మారినది. 1869 నాటి విడాకుల చట్టము ప్రకారము క్రైస్తవ భర్త, భార్య వ్యభిచారమొక్కటి రుజువు చేసిన చాలియుండెను. భార్యయైతే సాధారణముగా వ్యభిచారముతోపాటు క్రూరత్వమునో, రెండేండ్ల పరిత్యాగమునో కూడ చూపవలసియుండెను. 2001లో ఈ భేదము తొలగింపబడినది. చట్టము దిద్దుకొనిన పక్షపాతమును మనము మన నాలుకలమీద ఇంకను నిలుపుకొనుచున్నామా?

“ఆమెతో స్నేహము చేసినయెడల విడాకులను మెచ్చుకొన్నట్లగును గదా” అని కొందరందురు. వివాహము దేవుడు జతపరచిన బంధమని ప్రభువు బోధించెను. దానిని మనము తేలిక చేయరాదు. అయితే ఐదుగురు పెనిమిట్లుండిన సమరయ స్త్రీతో ఆయన ఎట్లు మాటలాడెను? ఆమె సంగతిని దాచలేదు, ఆమెను త్రోసివేయను లేదు. మొదట ఆమెయొద్ద త్రాగుటకు నీళ్లడిగెను. పాపమును మెచ్చుకొనుట వేరు, మనిషిని చేర్చుకొనుట వేరు. తప్పెవరిదో తేలిన తరువాతనే ప్రక్కన కూర్చుందుమన్నయెడల, మనలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండగలరు?

రూతును చూడుడి. ఆమె విధవరాలు, పరదేశి; బేత్లెహేములో అత్త తప్ప ఆమె నెరిగినవారు లేరు. బోయజు ఆమెను తన పనికత్తెలయొద్ద నిలిచియుండుమనెను. ఆమెను అవమానపరచవద్దని పనివారికి ఆజ్ఞాపించి, కొన్ని పిడికిళ్లు కావలెననియే విడిచిపెట్టించెను. సాయంకాలమునకు ఆమె దుల్లగొట్టిన యవలు దాదాపు తూమెడాయెను. ఆమె తన కష్టముచేతనే ఏరుకొనెను. వారు దానము చేసినట్లు కనబడకుండ సహాయము చేసిరి. క్రొత్త స్నేహితులు చేయదగిన పని ఇదియే. పాత పరిచయస్థులు తరచుగా ఏదో యొక పక్షము వహించియుందురు. బంధువులు పరువునుగూర్చి భయపడుదురు. క్రొత్తగా వచ్చిన స్నేహితురాలు నిన్నటి తగవు నడుగదు. నేటి మనిషిని చూచును.

కావున మనము చేయవలసినది పెద్ద కార్యము కాదు. బీడీలు చుట్టు స్త్రీలు చాటలు ముందు పెట్టుకొని కూర్చుండు చోట ఆమెకును కొంత స్థలమిత్తము. సాంచాల దగ్గర పని యున్నదని తెలిసిన వెంటనే ఆమెకు చెప్పుదము. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఒంటరి స్త్రీలకును పింఛను ఇయ్య నారంభించినది. దాని దరఖాస్తుకై మండల కార్యాలయమునకు ఆమెతో కూడ పోవుదము. ఆమె ఇంటి సంగతిని ప్రార్థన పేరట పదిమందికి చెప్పక యుందము. మరల పెండ్లి చేసికొమ్మనియు, చేసికొనవద్దనియు తొందరపెట్టక యుందము. ప్రభువు నీళ్లడిగినట్లు, మనమును ఆమెయొద్ద ఏదైనను అడుగుదము: ఆదివారపు బడి పిల్లలకు ఒక కథ చెప్పుమందము, రోగిని చూడబోవునప్పుడు తోడు రమ్మందము. ఎల్లప్పుడు పుచ్చుకొనుచునే యుండువారికి స్నేహము భారమగును.

సహోదరీ, ఇది నీవు చదువుచున్నయెడల, ఎవరైన ప్రక్కకు జరిగినప్పుడు ముఖము త్రిప్పుకొనకుము. రూతు కూడ పొలమునకు తానే బయలుదేరెను.

ఏకాంతముగా నున్నవారికి ఇల్లు దయచేయు దేవుడు, ఆ యింటి తలుపు మన చేతులతో తెరిపించును గాక. ఆమేన్.