సంస్థ నేర్చుకొనగలదా?

మనుష్యుడు తప్పు చేసి నేర్చుకొనును; కార్యాలయము నేర్చుకొనగలదా? గంజాము తెలుగువారమగు మాకు చిలకా సరస్సును చూచినప్పుడెల్ల ఈ ప్రశ్న తోచును.

పూడికచే సముద్రపు ముఖద్వారము మూసికొనుచుండగా నీటిలో ఉప్పదనము తగ్గెను, కలుపు అలముకొనెను, చేపలు క్షీణించెను. 1993లో తడినేలల రక్షణకైన రాంసార్ ఒప్పందమువారు సరస్సును ప్రమాదపు పట్టికలో చేర్చిరి. పూణెలో నమూనా పరీక్షలు జరిపించి, 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారము త్రవ్విరి. చేపలు మరలినవి, 2002లో పట్టికనుండి పేరు తొలగెను. 2008లోనో, సముద్రము తానే మరియొక ద్వారము తెరచెను! పాఠము మరల మొదలు.

దస్త్రములు వ్రాసి ముసలివారమైన మేమెరుగుదుము: దస్త్రమున ఉత్తర్వు నిలుచును, పొరపాటు నిలువదు. అధికారి బదిలీయైనచో అనుభవమును వెంట పోవును. జాలరి కొడుకు మాత్రము తండ్రి తప్పులతో సహా సరస్సును నేర్చుకొనును. ఆ తప్పులను అడిగి వ్రాసికొన్న దస్త్రమును మా ఉద్యోగకాలమున మేము చూడలేదు.